యంత్రం సంపాదనలో మనిషి వాటా

ఏటా దసరాకు ముందు సింగరేణి బొగ్గుగనుల కార్మిక వాడలన్నీ ఒక ప్రకటన కోసం ఎదురుచూస్తాయి. ఈసారి లాభాల్లో కార్మికుల వాటా ఎంత శాతం? 2024లో అది 33 శాతం. మొత్తం 796 కోట్ల రూపాయలు. ఒక్కో పర్మినెంటు కార్మికుడికి సగటున లక్షా 90 వేలు. ఆ డబ్బు ఖాతాల్లో పడిన వారం గోదావరిఖని, మందమర్రి, కొత్తగూడెం బజార్లు కిటకిటలాడతాయి. పిల్లల ఫీజులు, పాత అప్పులు, బండి వాయిదాలు, పండుగ బట్టలు అన్నీ ఆ వాటా చుట్టూనే తిరుగుతాయి. అదే ఏడాది యాజమాన్యం కాంట్రాక్టు కార్మికులకు కూడా లాభాల్లోంచి మొట్టమొదటిసారి కొంత ఇచ్చింది. మనిషికి 5,000 రూపాయలు.

ఒకే గని, ఒకే దుమ్ము, ఒకే షిఫ్టు. ఒకరికి లక్షా తొంభై వేలు, పక్కవాడికి అయిదు వేలు. ఈ తేడా నాకు ఇంకో పెద్ద చర్చను గుర్తుచేస్తుంది. పేదా గొప్పా తేడా లేకుండా, ఏ షరతూ పెట్టకుండా ప్రతి మనిషికీ నెలనెలా కొంత సొమ్ము అందించాలన్న ఆలోచనను ప్రపంచమంతా బేసిక్ ఇన్‌కమ్ పేరుతో చర్చిస్తోంది. కృత్రిమ మేధ వచ్చాక ఆ చర్చ వేడెక్కింది. తెలుగు నేల మీద ఆ చర్చ బొగ్గుగనుల దగ్గరే మొదలవ్వాలని నా అభిప్రాయం. యంత్రం వచ్చాక మనిషి పని ఏమవుతుంది, యంత్రం మిగిల్చిన సొమ్ము ఎవరి చేతికి చేరుతుంది అన్న ప్రశ్నలకు సింగరేణి ముప్పై ఏళ్లుగా జవాబు చెబుతూనే ఉంది.

1990-91 ప్రాంతంలో సింగరేణిలో లక్షా పదివేల మందికి పైగా కార్మికులుండేవారు. అప్పుడు ఏడాదికి తవ్విన బొగ్గు కోటి 80 లక్షల టన్నుల చుట్టూ ఉండేది. 2023-24లో ఉత్పత్తి 7 కోట్ల టన్నులు దాటింది. పర్మినెంటు కార్మికులు మాత్రం 42 వేల లోపుకు దిగారు. భూగర్భ గనుల్లో తట్టా చెమ్మస్‌తో బొగ్గు ఎత్తిన ఫిల్లర్ల పనిని ముందు ఎస్‌డీఎల్ యంత్రాలు తీసుకున్నాయి. తర్వాత అసలు భూగర్భంలోకి దిగే అవసరమే తగ్గిపోయి, ఓపెన్‌కాస్టులు వచ్చాయి. షావెళ్లు, డంపర్లు వచ్చాయి. పైమట్టి తీసే పని కాంట్రాక్టర్ల చేతికి పోయింది. మనిషికి ఇన్ని టన్నులని లెక్క తీస్తే పదింతలు పెరిగినట్టు కనిపిస్తుంది గానీ, ఆ లెక్కను యథాతథంగా నమ్మకూడదు. కాంట్రాక్టు కార్మికుల పేర్లు కంపెనీ మస్టర్లో ఉండవు కాబట్టి వాళ్ల చెమట ఆ భాగహారంలోకి రాదు. అయినా ఉత్పత్తి ఎటు పోతోంది, మస్టర్లు ఎటు పోతున్నాయి అన్నదాంట్లో ఎవరికీ సందేహం లేదు.

గని లోపలి బాయి పని యంత్రానికి పోయినందుకు బాధపడేవాళ్లలో నేను లేను. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లు దూసుకొచ్చి 17 మంది చనిపోయారు. పైకప్పు కూలి పోయినవాళ్లు, దుమ్ముతో ఊపిరితిత్తులు పాడైనవాళ్లు కోల్‌బెల్టులో వాడవాడకూ ఉన్నారు. అలాంటి పనిని ఇనుము చేస్తానంటే మనిషి అడ్డుపడక్కర్లేదు. నా పట్టింపంతా పంపకం మీదే.

ఆ పంపకంలో మూడు వరసలు ఏర్పడ్డాయి. మస్టర్ ఉన్నవాళ్లది మొదటి వరస. వాళ్లకు వాటా ఉంది, దానికి కారణం యూనియన్ల బలం, కంపెనీలో 51 శాతం రాష్ట్రానిది, 49 శాతం కేంద్రానిది కావడం. కాంట్రాక్టు కార్మికులది రెండో వరస. లెక్కలోకే రానివాళ్లది మూడో వరస. యంత్రం రాకపోతే తండ్రి తర్వాత బాయిలో దిగాల్సిన కొడుకు, వారసత్వ ఉద్యోగం కోసం ఏళ్ల తరబడి తిరిగి చివరికి ఆటో కొనుక్కున్నవాడు, హైదరాబాద్ పోయి డెలివరీ బ్యాగు భుజానికెత్తుకున్నవాడు, ఓపెన్‌కాస్టు కోసం ఊరే ఖాళీ చేసినవాళ్లు. బొగ్గు వాళ్ల కాళ్ల కిందే ఉంది. లాభంలో వాళ్లకు పైసా లేదు.

యూనియనూ లేని, సర్కారు వాటా కూడా లేని చోట ఏమవుతుందో చూడాలంటే గోదావరిఖని నుంచి సుల్తానాబాద్ వైపు గంట ప్రయాణం చాలు. ఎస్సారెస్పీ కాలువల కింద వరి పొలాలు మొదలవుతాయి. యాసంగి కోతలప్పుడు మడి గట్టున నిలబడితే తెలుస్తుంది. ఆరిన మడిలోకి టైర్ల మిషన్ దిగుతుంది. తడి ఉంటే చైన్ మిషన్ కావాలి, దానికి గంట కిరాయి ఎక్కువ. గంటసేపట్లో ఎకరం అయిపోతుంది. కోత, కట్టలు కట్టడం, మోత, కుప్ప వేయడం, నూర్పిడి, తూర్పార, అన్నీ ఆ ఒక్క గంటలోనే. ఒకప్పుడు ఇదంతా వాడంతా కదిలొచ్చి రోజుల తరబడి చేసిన పని. ఇప్పుడు మిషన్ మీద డ్రైవరు, కింద ఒక సహాయకుడు, ఇద్దరూ మగవాళ్లే, చాలాసార్లు వేరే రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లు. కలుపు తీసే పని కలుపు మందు తీసుకుంది. నాట్లు గుత్తకు పోయి బెంగాల్, బిహార్ బృందాల చేతికొచ్చాయి. వాళ్ల వెనకే నాటు మిషన్లు, వెదజల్లే పద్ధతి వస్తున్నాయి. మందు కొట్టడానికి డ్రోన్ వచ్చింది. వరిలో ఇలా యంత్రానికీ మందుకూ పోయిన పనుల్లో చాలా భాగం ఆడవాళ్ల కైకిలు పనులే. ట్రాక్టరు, హార్వెస్టరు, డ్రోన్ నడిపే కొత్త పనుల్లో వాళ్లకు దొరికినవి బహు కొద్ది.

ఇంకొకటి కూడా పోయింది. దాని గురించి ఎవరూ రాయరు. చేతికోత రోజుల్లో మడిలో రాలిన వెన్నులను ముసలివాళ్లు, పిల్లలు, ఒంటరి ఆడవాళ్లు ఏరుకునేవారు. పరిగె ఏరుకుంటే ఏ ఆసామీ వద్దనేవాడు కాదు. కష్టపడి ఏరితే కొన్నాళ్ల గింజలు ఇంటికి చేరేవి. మిషన్ కోసిన మడిలో వెన్ను మిగలదు. రాలిన గింజ మట్టిలో కలిసిపోతుంది. పరిగె ఏ ప్రభుత్వ లెక్కలోనూ ఆదాయంగా ఎక్కలేదు. అందుకే అది పోయినప్పుడు నష్టంగానూ ఎక్కలేదు.

ఇందులో రైతును తప్పుపట్టడానికేమీ లేదు. ఏప్రిల్‌లో మబ్బు పడితే చాలు, కోతకొచ్చిన పంట మీద అతని ప్రాణం ఉంటుంది. గంటలో కోసిపెట్టే మిషన్‌ను కాదనుకునే స్తోమత అతనికి లేదు. ప్రశ్న అతన్ని కాదు, ప్రభుత్వాన్ని అడగాలి. ఈ మార్పు జరుగుతున్న కాలంలోనే ప్రభుత్వం పల్లెల్లోకి నేరుగా డబ్బు పంపడం మొదలుపెట్టింది. ఆ డబ్బు ఎవరికి చేరింది?

2018 మే 10న హుజూరాబాద్‌లో రైతుబంధు మొదలైంది. ఎకరాకు పంటకు 4,000 రూపాయలు. తర్వాత 5,000 అయింది. 2025 జనవరి 26 నుంచి రైతు భరోసా పేరుతో 6,000 అయింది. దేశంలో ఇంత పెద్ద ఎత్తున, పంట ఏమిటని అడగకుండా, దరఖాస్తుల తిప్పలు లేకుండా చేతికి డబ్బిచ్చిన పథకం అంతకుముందు లేదు. కేంద్రం 2019లో తెచ్చిన పీఎం కిసాన్‌కు ఇదే దారి చూపింది. జనానికి నేరుగా డబ్బివ్వడం సాధ్యమేనని తెలంగాణ నిరూపించింది. ఆ ఘనతను తక్కువ చేయకూడదు. కానీ ఆ డబ్బు మనిషిని చూడలేదు, పట్టాదారు పాసు పుస్తకాన్ని చూసింది. సాగులో లేని గుట్టలకు, ప్లాట్లుగా మారిన వెంచర్లకు కూడా సొమ్ము వెళ్లిందని తర్వాతి ప్రభుత్వమే చెప్పింది. కౌలు రైతు నాగలి పట్టినా, అప్పు మోసినా, పెట్టుబడి సాయం భూ యజమాని ఖాతాలోనే పడింది.

ఇప్పటి రేట్లతో చిన్న లెక్క చూడండి. ఎకరాకు 40 గుంటలు. అయిదు గుంటలున్న మనిషికి రైతు భరోసా ఏడాదికి 1,500 రూపాయలు వస్తుంది. పదెకరాలున్న ఆసామికి లక్షా 20 వేలు. గుంట భూమి కూడా లేని కూలీ కుటుంబానికి ఇందిరమ్మ ఆత్మీయ భరోసా కింద ఏడాదికి 12,000 అన్నారు, అదీ ఉపాధి హామీలో కనీసం 20 రోజులు పనిచేసి ఉంటేనే. తండ్రి పంచిచ్చిన అయిదు గుంటలు పేరు మీదున్న ఆడమనిషి భూమిలేని జాబితాలో చేరదు. రైతు జాబితాలో ఆమెకు దక్కేది ఆరునెలలకు 750 రూపాయలు. ఏ లెక్కలో చూసినా ఆమె పదెకరాల ఆసామి కంటే పేదే, కైకిలు పోయిందీ ఆమెకే.

ఆంధ్రప్రదేశ్‌లో కథ కొంచెం వేరుగా నడిచింది. ఉమ్మడి రాష్ట్రంలో 2011లోనే కౌలుదార్లకు రుణ అర్హత కార్డులిచ్చే చట్టం వచ్చింది. 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం వచ్చింది. కార్డు కావాలంటే భూ యజమాని సంతకం పెట్టాలి. గోదావరి డెల్టాలో సాగులో చాలా భాగం కౌలుదార్లదే. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనన్న భయంతో యజమానులు వెనకాడతారు. సంతకం లేక, కార్డు లేక, సాయం లేక కౌలు రైతు మళ్లీ వడ్డీ వ్యాపారి దగ్గరికే వెళతాడు.

ఉత్పత్తి సాధనం ఎవరి పేరు మీద ఉంటే ప్రజాధనం కూడా వాళ్లకే చేరే ఏర్పాటును మనం చేతులారా కట్టుకున్నాం. నిన్న ఆ సాధనం భూమి. రేపు అది హార్వెస్టరు, సర్వరు, అల్గారిథం. పట్టా లేనివాడికి భూమి లాభంలో వాటా లేనట్టే, షేర్లు లేనివాడికి యంత్రం లాభంలోనూ వాటా లేకుండా పోతుంది. బేసిక్ ఇన్‌కమ్ ఆలోచనలో నన్ను ఆకట్టుకున్నది ఈ ముడిని విప్పగలగడమే. అది ఎకరాన్ని అడగదు, మస్టర్‌ను అడగదు. మనిషి పేరు మీద వస్తుంది, భర్త ఖాతాలోకి పోకుండా భార్య పేరు మీద భార్యకే వస్తుంది.

ఈ ఆలోచన తెలుగువాళ్లకు పరాయిదేమీ కాదు. హైదరాబాద్‌కు చెందిన సామాజిక శాస్త్రవేత్త శరత్ దావల దీని మీద ఏళ్ల తరబడి పనిచేసి, బేసిక్ ఇన్‌కమ్ ప్రపంచ వేదికకు అధ్యక్షుడయ్యారు. 2019 ఆగస్టులో ఆ వేదిక మహాసభ హైదరాబాద్‌లోనే జరిగింది. అంతకుముందు మధ్యప్రదేశ్‌లో ‘సేవా’ (SEWA) మహిళా సంఘం యూనిసెఫ్ సాయంతో చేసిన ప్రయోగంలో ఆ సంఘం నాయకురాలు రెనానా ఝాబ్‌వాలా, ఆర్థికవేత్త గై స్టాండింగ్‌లతో పాటు ఆయనా ఉన్నారు. 2011లో మొదలైన ఆ ప్రయోగంలో ఇండోర్ జిల్లా పల్లెల్లో పెద్దవాళ్లకు నెలకు 200, పిల్లలకు 100 రూపాయలిచ్చారు. ఏడాది తర్వాత దాన్ని 300, 150 చేశారు. ఆరువేల మందికి అందింది. ఇప్పటి మన కళ్లకు అది చాలా చిన్న మొత్తం. అయినా తిండి మెరుగుపడింది, పిల్లలు బడికి వెళ్లడం పెరిగింది, తాగుడు పెరగలేదు. నన్ను ఎక్కువగా ఆలోచింపజేసిన ఫలితం ఇంకొకటి: గిరిజన గూడెంలో చాలామంది కూలికి పోవడం తగ్గించి సొంత చెలకల్లో పని పెంచుకున్నారు. విత్తనాలకూ ఎరువుకూ చేతిలో డబ్బు లేకే వాళ్లు అంతకాలం పరాయి పొలాల్లో వంగారు.

డబ్బు ఊరికే వస్తే జనం సోమరులవుతారన్న మాట మన దగ్గర చాలా బలమైనది. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ మొదలైనప్పుడూ ఇదే మాట విన్నాం, ఇక కూలీలు దొరకరని. ఈ ప్రశ్నకు నిజాయితీగానే జవాబు చెప్పాలి. ఫిన్లాండ్‌లో 2017, 2018ల్లో రెండువేల మంది నిరుద్యోగులకు నెలకు 560 యూరోలిస్తే పనిదినాలు తగ్గలేదు, కొద్దిగా పెరిగాయి. అలాస్కాలో 1982 నుంచి ఏటా ప్రతి నివాసికీ చమురు ఆదాయంలో వాటా ఇస్తున్నారు, మొత్తం మీద ఉద్యోగాలు చేసేవాళ్లు తగ్గిపోలేదని పరిశోధకులు తేల్చారు. అమెరికాలోనే 2020 నుంచి మూడేళ్లపాటు వెయ్యిమందికి నెలకు వెయ్యి డాలర్లిచ్చిన ఓపెన్‌రీసెర్చ్ ప్రయోగంలో మాత్రం పనిగంటలు తగ్గాయి, వారానికి సుమారు 1.3 గంటలు. దాన్ని దాచిపెట్టక్కర్లేదు. మే నెల ఎండలో పన్నెండింటి దాకా వంగి పనిచేసిన ఆడమనిషి చేతిలో ఓ వెయ్యి రూపాయలుండి, ఈ రేటుకు రేపు రానని ఆసామితో చెప్పగలిగితే, దాన్ని సోమరితనం అనడానికి నాకు మనసొప్పదు. అది బేరమాడే శక్తి. యంత్రాలు ఆమె దగ్గర లాక్కున్నది ముందుగా ఆ శక్తినే.

ఇప్పుడు ఆ యంత్రాల గాలి పొలం నుంచి గచ్చిబౌలి దాకా వీస్తోంది. హైదరాబాద్‌లో ఐటీ ఉద్యోగులు తొమ్మిది లక్షలకు పైమాటే. 2025 జులైలో టీసీఎస్ ప్రపంచవ్యాప్తంగా తన సిబ్బందిలో 2 శాతం, అంటే 12 వేల మందికి పైగా తగ్గిస్తామని ప్రకటించింది. ప్రపంచంలోని ఉద్యోగాల్లో 40 శాతం మీద కృత్రిమ మేధ ప్రభావం ఉంటుందని అంతర్జాతీయ ద్రవ్యనిధి 2024 జనవరిలో అంచనా వేసింది. ఇలాంటి అంచనాలను నేను తాపీగా చూస్తాను. అమెరికాలో 47 శాతం ఉద్యోగాలకు ముప్పుందని 2013లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు రాశారు, పదేళ్లు గడిచినా అలాంటి ఉప్పెన రాలేదు. ఉద్యోగాలన్నీ పోతాయన్న జోస్యం మీద బేసిక్ ఇన్‌కమ్ వాదన నిలబడాల్సిన పని లేదు. సింగరేణిలో పని మొత్తం పోలేదు, మిగిలినదాని హోదా పోయింది. మస్టర్ ఉన్న పని కాంట్రాక్టు పనిగా మారింది, కొత్తవాడు లోపలికి వచ్చే తలుపు ఇరుకైంది. సాఫ్ట్‌వేర్‌లో కూడా టెస్టింగ్, సపోర్టు, కాల్ సెంటర్ లాంటి మొదటి మెట్టు ఉద్యోగాల దగ్గరే అది మొదలవుతోంది.

ఆ మొదటి మెట్టు మీద ఎన్ని ఇళ్లు నిలబడ్డాయో తెలుగువాళ్లకు చెప్పక్కర్లేదు. తండ్రి మందులు, చెల్లి పెళ్లి, ఊళ్లో ఇంటి స్లాబు, పొలం మీద అప్పు, అన్నీ ఒక ఇంజనీరింగ్ పట్టా చుట్టూ అల్లుకున్న కుటుంబాలు రెండు రాష్ట్రాల్లో లక్షల్లో ఉన్నాయి. ప్రభుత్వం ఇవ్వని సామాజిక భద్రతను ఇన్నాళ్లూ ఆ కొడుకో కూతురో నెలజీతంతో ఇస్తూ వచ్చారు. ఫీజు రీయింబర్స్‌మెంట్‌తో చదివి, నాలుగేళ్ల తర్వాత ఉద్యోగం దొరక్క అమీర్‌పేట హాస్టల్లో మరో కోర్సుకు కట్టిన పిల్లకు ఈరోజు ఏ పథకమూ లేదు. ఆమె రైతు కాదు, పెన్షన్ వయసు కాదు, ఉపాధి హామీ కూలీ కాదు.

షరతులు లేకుండా అందరికీ అన్న మాట దగ్గర చాలామంది ఆగిపోతారు. ఉన్నవాళ్లకెందుకు, పేదలకే ఇవ్వొచ్చుగా అంటారు. న్యాయంగానే కనిపించే ఈ మాట ఆచరణలో ఏమవుతుందో తెలంగాణ రేషన్ కార్డుల ఉదంతం చెబుతుంది. 2014 తర్వాత దాదాపు 19 లక్షల కార్డులు రద్దయ్యాయి. వేర్వేరు శాఖల రికార్డులను కలిపి, ఇంట్లో కారుందా, భూమి ఎంత, పన్ను కట్టారా అని కంప్యూటరు పోల్చి చూసి అనర్హులను తేల్చే సమగ్ర వేదిక అనే వ్యవస్థను రాష్ట్రం వాడింది. పేర్లు కలిసినంత మాత్రాన మనుషులు ఒకటి కాదు. నోటీసు కూడా రాకుండా బియ్యం ఆగిపోయిన కుటుంబాలు కోర్టు మెట్లెక్కాయి. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు రద్దయిన కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించమని ఆదేశించాల్సి వచ్చింది. పని లాక్కున్న యంత్రమే, పని పోయినవాడికి సాయం అక్కర్లేదని తీర్పు చెప్పే స్థితి ఇది. రేషన్ షాపులో వేలిముద్ర మిషన్ ముందు నిలబడే ముసలమ్మ చేతులు చూడండి. ఏళ్ల తరబడి నాట్లేసి, కలుపు తీసి అరిగిపోయిన వేళ్లను ఆ మిషన్ గుర్తుపట్టదు. అర్హులను వడపోసే కొద్దీ ముందు జారిపోయేది ఇలాంటివాళ్లే. అందరికీ ఇచ్చి, ఉన్నవాళ్ల దగ్గర పన్ను రూపంలో వెనక్కి తీసుకోవడమే తక్కువ అన్యాయమైన పద్ధతి.

అయితే ఈ ఆలోచనకు రెండు ప్రమాదాలున్నాయి, రెండూ చిన్నవి కావు. మొదటిది, డబ్బిస్తున్నాం కాబట్టి మిగతావి ఎత్తేస్తామనడం. 2016-17 ఆర్థిక సర్వేలో అప్పటి ముఖ్య ఆర్థిక సలహాదారు అరవింద్ సుబ్రమణియన్ దీనికోసం ఒక అధ్యాయమే కేటాయించారు. మనిషికి ఏడాదికి 7,620 రూపాయలు, జనాభాలో పైన ఉన్న పాతిక శాతాన్ని వదిలేస్తే జాతీయోత్పత్తిలో సుమారు 5 శాతం ఖర్చని లెక్క వేశారు. ఆ చర్చ అంతా ఇప్పుడున్న సబ్సిడీలకు బదులుగా అన్న ధోరణిలోనే సాగింది. రేషన్ వ్యవస్థను, ఉపాధి హామీని కూల్చడానికి ఇది సాకవుతుందని ఆర్థికవేత్త జాన్ డ్రెజ్ లాంటివాళ్లు హెచ్చరించారు. ఆ హెచ్చరికతో నేను పూర్తిగా ఏకీభవిస్తాను. బియ్యం, బడి, ఆసుపత్రి తీసేసి చేతిలో పెట్టే వెయ్యి రూపాయలు మొదటి జ్వరానికే ప్రైవేటు క్లినిక్‌లో ఖర్చయిపోతాయి. ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం చేయడం నగదు పథకం కాకపోయినా, పక్క మండలంలో పని దొరికితే వెళ్లగలిగే స్వేచ్ఛను అది ఇచ్చింది. నగదూ సేవలూ రెండూ కావాలి.

రెండో ప్రమాదం ధరలు. కేంద్రం ఇచ్చే వృద్ధాప్య పింఛను 60 నుంచి 79 ఏళ్ల వాళ్లకు నెలకు 200 రూపాయలు. 2007 నుంచి అది అక్కడే ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పింఛను 4,000, తెలంగాణలో 2,016 అందుతోందంటే రాష్ట్రాలు పైన కలపబట్టే. ఇరాన్ 2010 చివర్లో ఇంధన రాయితీలు తీసేసి మనిషికి నెలకు 4,55,000 రియాళ్లు ఇవ్వడం మొదలుపెట్టింది. మొదట్లో అది పేద ఇళ్లలో పెద్ద తేడా తెచ్చింది. ద్రవ్యోల్బణం కొన్నేళ్లలోనే దాన్ని తినేసింది. ధరల సూచీకి ముడిపెట్టి, ఏటా దానంతటదే పెరిగేలా చట్టంలో రాయని బేసిక్ ఇన్‌కమ్‌ను నేను సమర్థించను. పెంచడం ఎన్నికల వరమయితే, అది మళ్లీ దయాదాక్షిణ్యమే అవుతుంది.

డబ్బెక్కడిది అన్న ప్రశ్నకు వద్దాం. తెలంగాణలో 2023 అసెంబ్లీ ఎన్నికల నాటికి ఓటర్లు 3.26 కోట్లు. ఒక్కొక్కరికీ నెలకు 1,000 రూపాయలిస్తే ఏడాదికి 39 వేల కోట్ల పైచిలుకు. 2025-26 బడ్జెట్ 3.05 లక్షల కోట్లు, అంటే అందులో ఎనిమిదో వంతు. రైతు భరోసాకు పరిమితి పెట్టి, పెద్ద పట్టాలకు పోయే సొమ్మును మనుషుల వైపు మళ్లిస్తే కొంత కలిసొస్తుంది. అయినా రాష్ట్రం ఒంటిగా మోయగలిగే బరువు కాదిది. పెద్ద పన్నుల్లో చాలావరకు కేంద్రం చేతిలో ఉన్నాయి. 2015లో సంపద పన్ను ఎత్తేశారు. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్నును 30 శాతం నుంచి 22కు, కొత్త ఫ్యాక్టరీలకు 15కు తగ్గించారు. దానివల్ల వదులుకునే ఆదాయం 1.45 లక్షల కోట్లని ప్రభుత్వమే అంచనా వేసింది. పెట్టుబడి పెరుగుతుంది, ఉద్యోగాలొస్తాయి అన్నది అప్పటి వాదన. ఆ పెట్టుబడి ఉద్యోగాలు తగ్గించే యంత్రాల్లోకి వెళుతున్నప్పుడు వాదన మార్చుకోక తప్పదు.

పన్నుల కంటే నాకు ఎక్కువ ఆశ కలిగించేది ఇంకో దారి. అలాస్కా 1976లో తన రాజ్యాంగాన్ని సవరించి చమురు రాయల్టీలో కొంత భాగాన్ని శాశ్వత నిధిలో వేయడం మొదలుపెట్టింది. దాని రాబడి నుంచే ఏటా ప్రజలకు వాటా పంచుతోంది. మన దేశంలోనూ 2014 ఏప్రిల్‌లో గోవా ఇనుప ఖనిజం కేసులో సుప్రీంకోర్టు అమ్మకాల సొమ్ములో 10 శాతంతో శాశ్వత నిధి పెట్టమని ఆదేశించింది. ఇప్పుడు విశాఖకు రండి. 2025 అక్టోబరులో గూగుల్ అక్కడ అయిదేళ్లలో 15 బిలియన్ డాలర్లతో కృత్రిమ మేధ కేంద్రం కడతామని ప్రకటించింది. ఇలాంటి కేంద్రాలకు కావాల్సింది భూమి, నీళ్లు, ఎడతెగని కరెంటు. మూడూ ప్రజలవే, మూడింటి మీదా రాయితీలిస్తారు. పెట్టిన పెట్టుబడితో పోలిస్తే లోపల పనిచేసే మనుషులు చాలా తక్కువ. రాయితీ ఇవ్వడాన్ని నేను కాదనను. దానికి బదులుగా ఆ ప్రాజెక్టు ఆదాయంలో చిన్న శాతం రాష్ట్ర ప్రజల శాశ్వత నిధికి చేరాలని ఒప్పందంలోనే రాయాలి. భవనాలు కట్టేవాళ్ల దగ్గర నిర్మాణ ఖర్చులో 1 శాతం సెస్సు వసూలు చేసి కార్మికుల సంక్షేమానికి వాడే ఏర్పాటు మనకు 1996 నుంచి ఉంది. సర్వర్లకు అలాంటిది ఎందుకు ఉండకూడదు?

నమూనాగా ఎక్కడ మొదలుపెట్టాలి అంటే బొగ్గు జిల్లాల్లోనే. 2015లో గనుల చట్టాన్ని సవరించినప్పటి నుంచి, పాత లీజుల మీద రాయల్టీలో 30 శాతానికి సమానమైన మొత్తం జిల్లా ఖనిజ నిధిలో పడుతోంది. పెద్దపల్లి, మంచిర్యాల, భద్రాద్రి కొత్తగూడెం, జయశంకర్ భూపాలపల్లి జిల్లాల్లో ఆ సొమ్ముతో రోడ్లు, భవనాలు కట్టారు. అవీ కావాలి. కానీ అందులో ఒక భాగాన్ని గని ప్రభావిత గ్రామాల్లోని ప్రతి వయోజనుడి ఖాతాలోకీ, మస్టర్ ఉందా లేదా, భూమి ఉందా లేదా అని చూడకుండా, సమానంగా, నెలనెలా పంపొచ్చు. దుబ్బగా మారిన పొలం పక్కన బతుకుతున్న కుటుంబానికీ, పైమట్టి లారీ తోలే కాంట్రాక్టు డ్రైవరుకూ, బాయిలో పని దొరకని ఫిల్లరు కొడుక్కీ ఆ బొగ్గులో తొలిసారి సమాన వాటా దక్కుతుంది. రెండు మూడేళ్లు చేసి, అప్పులు తగ్గాయా, తిండి మారిందా, కూలి రేట్లు ఏమయ్యాయి అని స్వతంత్రంగా లెక్క తీయించొచ్చు. దీనికి కొత్త చట్టం తేవాల్సిన పనిలేదు. ఖనిజ నిధి ఖర్చుకు కేంద్ర గనుల శాఖ ఇచ్చిన మార్గదర్శకాల్లో నేరుగా నగదు ఇవ్వడానికి చోటు కల్పించాలి, రాష్ట్రం తన నిబంధనలను దానికి తగ్గట్టు సవరించుకోవాలి. కోల్‌బెల్టు ఎంపీలు, ఎమ్మెల్యేలు వచ్చే దసరా వాటా శాతం గురించి ఎంత గట్టిగా అడుగుతారో, ఈ సవరణ గురించి కూడా అంత గట్టిగా అడగాలి.